నీరు పల్లమెరుగు సరే, మురుగు మన పల్లెనే ఎందుకెరుగు?

తొలకరి మీద పాటలు కట్టేవాళ్లెవరూ మన పల్లెలో ఒక్క తొలకరి కూడా గడిపి వుండరు. మా మాదిగపల్లెలో మొదటి వాన మొదలైందంటే ఆడవాళ్లు ముందు పొయ్యికాడి సామాను అటకెక్కిస్తారు. తర్వాత పిల్లల్ని మంచాలెక్కిస్తారు. ఎండాకాలమంతా ఊళ్లో కాలవల్లో పేరుకుపోయిన పేడ, సబ్బు మడ్డి, ట్రాక్టర్లు కడిగిన ఆయిలు, మిరపతోటలకు మందు కొట్టి కడిగిన డబ్బాల నీళ్లు, మరుగుదొడ్ల గుంటల్లోంచి పొంగింది, అంతా ఆ ఒక్క వానకి కదిలి సరాసరి మన గడపల్లోకి దిగుతుంది. వాన వెలిశాక ఊరు కడిగినట్టు తళతళలాడుతుంది. మరి కడిగిన నీళ్లు ఎక్కడికి పోయినయ్యో ఊరు అడగదు. మర్నాడు నా బళ్లో హాజరుపట్టీ తీస్తే తెలుస్తుంది. సగం మందికి వాంతులు, విరోచనాలు.

నీరు పల్లమెరుగు అని సామెత. నిజమే, నీళ్లకు కులం లేదు, వాలు వుంటే పారతాయి. కానీ ఆ పల్లంలో మనల్ని కూచోబెట్టింది నీళ్లు కాదు. మెరకంతా ఊరు తీసుకుని, చెరువు కింద చిత్తడినీ వాగు పక్క పల్లాన్నీ మనకు వదిలేశారు. ఏ జిల్లాకైనా పోయి చూడండి, ఊరి కాలవ చివర ఎక్కడ తేలుతుందో అక్కడ ఒక పల్లె కనబడుతుంది. మ్యాపు అక్కర్లేదు, ముక్కు చాలు. లంద కంపు అని మనల్ని ఊరి బైట పెట్టినోళ్లు ఇప్పుడు వాళ్ల కంపంతా మన మీదికి మళ్లించారు. లందలో తంగేడు చెక్కా సున్నమూ వుండేవి. ఈ కాలవలో ఏమేమి వున్నాయో చెప్పగలిగినోడు లేడు.

వెనకటికంటే ఇప్పుడు ఇది ఎక్కువైంది, దానికి కారణాలు వున్నాయి. ఒకటి, సిమెంటు రోడ్లు. మట్టి బజారులో పడ్డ వాన కొంత ఇంకేది. సిమెంటు మీద పడ్డ వాన ఇంకదు, పరిగెత్తుతుంది. లెక్క వేసుకోండి. పదెకరాల ఊరి మీద ఒక అంగుళం వాన పడితే దాదాపు పది లక్షల లీటర్ల నీళ్లు. అందులో సగమే పారినా ఐదు లక్షల లీటర్లు ఒకటి రెండు గంటల్లో మన మీదికి వచ్చిపడతాయి. రెండోది, కొళాయిలు. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించారు. మనిషికి రోజుకి 55 లీటర్లు ఇంటికే ఇస్తామన్నారు. మంచిదే, మన ఆడవాళ్ల నెత్తిన బిందె దిగితే నాకంటే సంతోషించేవాడు ఎవడూ వుండడు. అయితే ఇంట్లోకి వచ్చిన నీళ్లలో నూటికి ఎనభై వంతులు మళ్లీ మురుగై బైటికి పోతాయని ఇంజనీర్ల లెక్కే చెబుతుంది. పన్నెండు వందల మంది వున్న ఊరికి రోజుకి యాభై వేల లీటర్ల పైమాటే. లోపలికి వచ్చే పైపుకి పథకం వుంది, పూజ వుంది, ఫోటో వుంది. బైటికి పోయే నీళ్లకు మాత్రం మన పల్లే పథకం. మూడోది, 2014 నుంచి స్వచ్ఛ భారత్ కింద కట్టిన మరుగుదొడ్లు. మా ఊళ్లో చాలా ఇళ్లలో గుంట తీయకుండా, లేకపోతే పేరుకి గుంట తీసి, పైపు మాత్రం వీధి కాలవలో కలిపారు. అట్లా బహిరంగ మలవిసర్జన లేని ఊరైంది మాది. ఊరికి లేదు, పల్లెకి వచ్చింది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం పోయిన ఏడు మా పంచాయతీ ఆఫీసులో జరిగిన ఒక మీటింగు. పట్నం నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. మంచి పిల్లాడే, వినయం వున్నవాడు. కాగితం పరిచి బొమ్మ చూపించాడు. ఊరి మురుగంతా ఒక గులకరాళ్ల మడిలోకి మళ్లించి, అందులో జమ్మూ మెట్టతామరా పెంచితే, ఆ మొక్కల వేళ్లు మురుగుని వడకట్టి తేట నీళ్లు బైటికి వదులుతాయట. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. నాకు నచ్చింది. ఈ సంగతి నేను అంతకుముందే చదివి వున్నాను కూడా. చివరికి అడిగాను, "మడి ఎక్కడ కడతారు సార్?" అని. అతను వేలు పెట్టి చూపించాడు. మన పల్లె చివర, మన శ్మశానం పక్క స్థలం. "అక్కడైతే వాలు సరిపోద్ది మాస్టారూ, స్థలం కూడా ఖాళీగా వుంది," అన్నాడు. ఖాళీగా లేదు, అక్కడ మా నాయన వున్నాడు.

ఇంకో పేజీ తిప్పితే ఖర్చు ఎక్కడినుంచి తెస్తారో రాసి వుంది. ఎస్సీ సబ్‌ప్లాన్. ఎందుకంటే పని జరిగేది ఎస్సీ పల్లెలో కదా! మురుగు ఊరిది, స్థలం మనది, డబ్బు మనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకోవడానికి ఎంతమంది ఎన్ని ధర్నాలు చేశారో ఈ పత్రిక చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. నేరుగా దళితులకు మేలు జరిగే పనులకే ఆ డబ్బు వాడాలని ఆ చట్టం. మూడొందల ఇళ్ల ఊరి కుడితీ కడుగూ వడకట్టడం మనకు నేరుగా మేలు ఎట్లా అవుతుందో ప్రెసిడెంటు గారు చెప్పలేకపోయారు. "మీకే కదయ్యా కంపు తగ్గేది," అన్నారు.

అప్పుడు వెనక నేల మీద కూచున్న ఒక ముసలామె, నాకు మేనత్త వరస, లేచింది. సంతకం పెట్టడం రాదు ఆమెకి. "అయ్యా, నాకు తెలవక అడుగుతన్నా. మీ ఇంటో అంట్లు మీ పెరట్లోనే తోముకుంటారు గదా. తోమకుండా మా వాకిట్లో పడేసి, ఇక్కడ తోముకుంటే శుభ్రంగా వుంటదంటే ఎట్టయ్యా? మీ గడప దాటకముందే కడుక్కోండి. కడిగినాక పంపండి, మేం వద్దనం," అంది. కుర్ర ఇంజనీరు తల వంచుకుని కాగితం మడిచాడు. నాకు బీయిడీ డిగ్రీ వుంది. ఆ మాట నాకు తట్టలేదు.

శుద్ధి అనే మాట మనకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుని మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగాడు. తాగినందుకు కొట్టారు. ఆ తర్వాత చెరువు మైలపడిందని చెప్పి ఆవు పేడ, ఆవు పంచితం, పాలు, పెరుగు కలిపి కుండలతో పోసి చెరువుని శుద్ధి చేశారు. తాగే నీళ్లలో పేడ కలిపితే శుద్ధి, మనిషి దోసిలి ముంచితే మైల! ఆ కేసు 1937లో బొంబాయి హైకోర్టులో తేలేదాకా నడిచింది. మన దగ్గర కారంచేడు వుంది. 1985 జూలైలో మాదిగల మంచినీళ్ల చెరువులో బర్రెల మురికి కలపొద్దని అడిగినందుకు, మున్నంగి సువార్త అనే ఆడమనిషి బిందె ఎత్తి ఎదురు నిలిచినందుకు, జూలై 17న అక్కడి కమ్మ భూస్వాములు పల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది, ఇరవై మూడేళ్లకి. తమిళనాడులో వేంగైవాయల్ ఊళ్లో 2022 డిసెంబరులో దళితులు తాగే ఓవర్‌హెడ్ ట్యాంకులో మలం తేలింది. కాబట్టి ఎవరైనా నీళ్ల శుద్ధి అని కాగితం తెస్తే, అందులో గడ్డి గురించి ఏం రాశారో తర్వాత, ఎవరి పైన ఎవరి కింద అన్నది ముందు చూడాలి.

అట్లాగని గడ్డిని కాదనకూడదు. ఇక్కడ మన కార్యకర్తలు కొందరితో నాకు పేచీ వుంది, దానికి తర్వాత వస్తాను. ముందు ఈ మడి ఎట్లా పని చేస్తుందో తెలుసుకోవాలి. తెలవకపోతే కాంట్రాక్టరు నాలుగు మెట్టతామర మొక్కలు గుచ్చి బిల్లు ఎత్తుకుపోతాడు.

కాలవ నీళ్లు ముందు ఒక తొట్టిలోకి రావాలి. అక్కడ నీళ్లు కాసేపు కదలకుండా నిలిస్తే మట్టీ మడ్డీ అడుక్కి దిగుతుంది, ఆయిలూ చెత్తా పైకి తేలుతుంది. తర్వాత మధ్య నీళ్లు మాత్రం మడిలోకి పోవాలి. మడి అంటే రెండడుగుల లోతు గుంట, కింద నీళ్లు ఇంకకుండా గట్టి చేసి, కడిగిన గులకరాళ్లు నింపింది. నీళ్లు రాళ్ల పైన కనబడకూడదు, రాళ్ల సందుల్లో లోపలే నడవాలి. అట్లా వుంటే దోమ గుడ్డు పెట్టడానికి చోటుండదు. ఆ రాళ్లలో జమ్ము, కిక్కిస, తుంగ, మెట్టతామర నాటతారు. వట్టివేరు కూడా పనికొస్తుంది. చూసేవాళ్లు మొక్కలే మురుగు తాగేస్తున్నాయి అనుకుంటారు. అసలు పనివాళ్లు మొక్కలు కాదు. రాళ్లకీ వేళ్లకీ పాచిలాగా పట్టుకుని కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోటానుకోట్లు వుంటాయి, మురికిని తిని అరిగించేవి అవి. జమ్ములాంటి మొక్కల కాడల్లో గాలి గొట్టాలు వుంటాయి. చిన్నప్పుడు జమ్ముకాడ విరిచి చూసినవాళ్లకి తెలుసు, లోపల బెండులాగా వుంటుంది. ఆ కాడ గాలిని బురదలోని వేళ్లదాకా దించుతుంది. వేళ్ల చుట్టూ కాస్త గాలి తగిలినచోట ఒక రకం జీవులు, గాలి తగలనిచోట ఇంకో రకం జీవులు తలో పని చేస్తాయి. మొక్క తనకు కావలసిన నత్రజని, భాస్వరం కొంత పీల్చుకుంటుంది. అందుకే మొక్కల్ని ఏడాదికి ఒకటి రెండు సార్లు కోసి బైట వేయాలి. కోయకపోతే అవే కుళ్లి, పీల్చిందంతా మళ్లీ నీళ్లలో కక్కుతాయి.

ఇది పల్లెటూరి చిట్కా కాదు. 1950ల్లో జర్మనీలో కేటె సైడెల్ అనే శాస్త్రవేత్త, ఆమె ఆడమనిషి, జమ్ము జాతి మొక్కలతో మురుగు నీళ్ల మీద ప్రయోగాలు మొదలుపెట్టింది. గడ్డి ఏమిటి, మురుగు తేర్చడం ఏమిటి అని ఇంజనీర్లు చాలాకాలం నమ్మలేదు. ఇప్పుడు జర్మనీ, ఇంగ్లండు పల్లెల్లో ఇట్లాంటి మడులు వేలల్లో వున్నాయి. మన దగ్గర పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు రంగారెడ్డి జిల్లా కొత్తపల్లి ఊళ్లో ఇట్లాంటిదే కట్టించి, ఆ నీళ్లు పొలాలకు వాడించారు. హైదరాబాదు పక్క నెక్నాంపూర్ చెరువులో 2018లో మూడు వేల చదరపు అడుగుల తేలే మడి వేశారు, తెప్ప మీద మొక్కలు, వేళ్లు నీళ్లలో వేలాడుతూ వుంటాయి. కలకత్తా తూర్పున పన్నెండు వేల ఐదు వందల హెక్టార్ల చిత్తడి నేల వుంది. నగరం మురుగు అక్కడి గుంటల్లోకి పోతుంది. ఎండా, పాచీ, గుర్రపుడెక్కా, చేపలూ కలిసి దాన్ని తేరుస్తాయి. దాన్ని నడిపేది చేపలు పట్టేవాళ్లు, కూరగాయలు పండించేవాళ్లు. ధ్రువజ్యోతి ఘోష్ అనే ఇంజనీరు వాళ్ల దగ్గర కూచుని నేర్చుకుని లోకానికి చెప్పాడు. 2002లో ఆ చిత్తడికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. ఆ ఇంజనీరు 2018లో చనిపోయాడు. పనోళ్ల దగ్గర నేర్చుకున్న ఇంజనీర్లు తక్కువ కాబట్టి ఆయన పేరు రాశాను.

నీళ్ల చదువు మనకూ కొత్తది కాదు. తెలంగాణలో నీరటి, సీమలో నీరుగంటి, చెరువు తూము ఎప్పుడెత్తాలో, ఏ మడికి ఎంత పారాలో, కలుజు మీద నీళ్లు ఎంత ఎత్తున పడితే కట్టకు ప్రమాదమో చెప్పేవాళ్లు చాలా ఊళ్లలో మన కులాలవాళ్లే. రాత్రంతా వానలో కట్ట మీద కాపలా వున్నవాడు తెల్లారి అదే చెరువులో కడవ ముంచితే మైల. జమ్ముతో మన ఇళ్లు కప్పుకున్నాం, తుంగతో చాపలల్లాం. బురద నీళ్లలో చిల్లగింజ అరగదీస్తే తేరుకుంటాయని మన నాయనమ్మలకు తెలుసు. ఇవన్నీ చదువుల్లో ఎక్కలేదు, అంతే.

ఇప్పుడు మా బడి సంగతి చెబుతాను. బోరింగు దగ్గర నీళ్లు నిలిచి బురదై, పిల్లలు అందులోనే కాళ్లు పెట్టి తాగేవాళ్లు. ఐదో తరగతి పిల్లలతో కలిసి మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు కాలవ తవ్వాం. కంకర కొనే డబ్బులు లేక ఇటుక ముక్కలు వేశాం. నెల తిరక్కముందే పూడుకుపోయింది. తప్పు నాదే. పైన వేసిన ఇసుక కడగలేదు, అందులో మట్టి వుంది. సబ్బు మడ్డీ ఆ మట్టీ కలిసి పేరుకుపోయింది. మళ్లీ తీసి, ఇసుక మానేసి, పెద్ద ముక్కలు కిందా చిన్న ముక్కలు పైనా వేసి, ముందు ఒక చిన్న తొట్టి కట్టి, మెట్టతామర దుంపలు నాటాం. రెండో ఏడు నడుస్తోంది. బురద లేదు, వాసన లేదు. చివర వచ్చిన నీళ్లు అరటికి పెడుతున్నాం. ప్రభుత్వం వాళ్లు ఇంకుడు గుంతలు తవ్వమంటారు. మాది నల్లరేగడి. నల్లరేగడిలో నీళ్లు ఇంకవు, ఇంకుడు గుంత కాస్తా దోమల గుంత అవుతుంది. మీది ఎర్రనేలో ఇసుక నేలో అయితే ఇంకుడు గుంత చాలు. నల్లరేగడిలో మొక్కల మడే నయం. ఈ తేడా పథకం కాగితంలో లేదు.

దీనికి హద్దులు కూడా వున్నాయి, దాచకూడదు. మడిలోంచి వచ్చిన నీళ్లు ఎంత తేటగా వున్నా తాగడానికి పనికిరావు, రోగక్రిములు తగ్గుతాయి కానీ పూర్తిగా చావవు. మందు డబ్బాలు కడిగిన విషాన్నీ ఫ్యాక్టరీ నీళ్లలోని లోహాల్నీ ఈ మడి మాయం చెయ్యదు. అవి చాలావరకు బురదలోనూ వేళ్లలోనూ దాక్కుంటాయి. అట్లాంటి నీళ్లు వచ్చేచోట కోసిన గడ్డి పశువులకు వేయకూడదు. మందు డబ్బాలు కాలవలో కడక్కుండా ఆపడం వేరే పని, అది ఊరు చెయ్యాలి. ఇక పెద్ద వాన మొత్తాన్ని ఏ మడీ మింగలేదు. ఐదు లక్షల లీటర్లు ఒక్కసారి వస్తే రాళ్లతో సహా కొట్టుకుపోతుంది. అందుకే తొట్టి పక్కన కలుజు పెట్టాలి. ఎక్కువ మురికి మొదట పారే నీళ్లలోనే వుంటుంది, ఆ మొదటి నీళ్లు మడిలోకి పోవాలి, తర్వాత వచ్చేది కలుజు దాటి వాగులోకి పోవాలి. మన నీరటిని అడిగితే ఈ బొమ్మ గంటలో గీస్తాడు.

మరి ఎక్కడ కట్టాలి? మురుగు పుట్టినచోటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. ఇది నా కులం మాట్లాడిస్తున్న మాట కాదు. అమెరికాలో మేరీలాండ్ అనే చోట 1990 ప్రాంతంలో వాన నీళ్లకు ఇట్లాంటి తోటలు పెట్టడం మొదలుపెట్టినప్పుడు, ఇంటి చూరు నీళ్లకు ఆ ఇంటి ముందే, రోడ్డు నీళ్లకు ఆ రోడ్డు పక్కనే పెట్టారు. అన్నీ కలిసి వరదయ్యాక తేర్చడం కష్టం, విడివిడిగా వున్నప్పుడు తేలిక. అంటే మా మేనత్త మాటే. ఊళ్లో ఒక్కో బజారు చివర ఒక్కో చిన్న మడి పెట్టొచ్చు. కాదు, ఒక్కటే కావాలంటే స్థలం లెక్క చూద్దాం. మనలాంటి వేడి ప్రాంతంలో మనిషికి ఒకటి నుంచి రెండు చదరపు మీటర్ల మడి కావాలి. పన్నెండు వందల మందికి సుమారు ముప్ఫై నుంచి అరవై సెంట్లు. నీళ్లు తక్కువ వాడతాం కాబట్టి తక్కువ వైపే సరిపోవచ్చు.

ఆ ముప్ఫై సెంట్లు ఊరికి తూర్పున, కాలవ మన వైపు తిరగకముందే వున్నాయి. రెవెన్యూ రికార్డులో వాగు పోరంబోకు. వెనక పశువులు దిగే కుంట. పదిహేనేళ్లుగా ఒక పెద్దాయన కల్లం అది. ఇంజనీరు బొమ్మలో ఆ కుంట లేదు, ఎవరూ చూపించలేదు. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల్నీ కుంటల్నీ ఆక్రమించినవాళ్లను ఖాళీ చేయించమని అన్ని రాష్ట్రాలకు చెప్పింది. ఆ తీర్పులోనే, భూమిలేని కూలీలకో ఎస్సీ, ఎస్టీలకో పట్టా ఇచ్చినచోట, బడి వున్నచోట మినహాయింపు ఆలోచించవచ్చని కూడా వుంది. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆక్రమణలు తీస్తాం అనగానే ముందు మన గుడిసెల మీదికే వస్తారు. సంఘాలు ఈ తీర్పు నకలు దగ్గర పెట్టుకోవాలి.

డబ్బు లేదంటారు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 దాకా పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో అరవై శాతం నీళ్లకూ పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టింది. మీ పంచాయతీలో అది ఎటు పోయిందో సమాచార హక్కు కింద అడగండి. ఒక అర్జీ చాలు. మా దగ్గర వచ్చిన జవాబులో ఎక్కువ భాగం ఊళ్లో కాలవ పూడిక తీసినట్టు వుంది. తీసిన పూడిక ఎక్కడ పోశారో రాయలేదు. మాకు తెలుసు.

అత్యాచారాల నిరోధక చట్టం సంగతి కూడా. 1989 చట్టంలోనే మనం వాడుకునే నీళ్లను పాడు చేయడం నేరం. 2015 సవరణలో ఎస్సీ, ఎస్టీల ఆవరణలోగానీ వాకిట్లోగానీ మలం, మురుగు, కళేబరాలు పోయడం అని స్పష్టంగా మురుగు మాట చేర్చారు. పంచాయతీ కాలవ మీద ఈ కేసు పెడితే నిలబడుతుందా అని వకీళ్లు నవ్వుతారు. నిలబడకపోవచ్చు. కానీ ఆ సెక్షను అర్జీలో రాస్తే ఆఫీసరు కుర్చీలో కొంచెం ముందుకి జరిగి కూచుంటాడు. అది నేను చూశాను.

ఇక మడిని బాగుచేసేది ఎవరు? నాకు అన్నిటికంటే భయం ఇక్కడే. మీటింగులో ఒకాయన అననే అన్నాడు, "జమ్ము కొయ్యడం మీవాళ్లకు అలవాటేగా." అలవాటే. చచ్చిన గొడ్డుని మొయ్యడం అలవాటే, డప్పు కొట్టడం అలవాటే. ఆకుపచ్చ రంగు వేసి ఇంకో వెట్టి మన నెత్తిన పెడితే ఒప్పుకునేది లేదు. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి చేతులతో మలం ఎత్తించకూడదని. మురుగు గుంటల్లో చచ్చిపోయినవాళ్ల కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో, ముప్ఫై లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ చట్టాల కోసం సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో పారిశుద్ధ్యం పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొక్కల మడిలో ప్రమాదం మొక్కల దగ్గర లేదు, ముందు తొట్టిలో వుంది. మడ్డి తీయాల్సింది దాన్లోంచే. అది పై నుంచి యంత్రంతో తోడేట్టు కట్టాలి, మనిషి దిగేట్టు కట్టకూడదు. మరుగుదొడ్డి పైపులు కాలవలోంచి తీసి గుంటలకు కలిపాకే మడి మొదలుపెట్టాలి. పని ఉద్యోగంగా, నెల జీతంతో, చేతికి గ్లౌజులు కాళ్లకి బూట్లతో వుండాలి. అందులో ఊరి కులాల మనుషులు కూడా వుండాలి. వాళ్లు రామంటే అప్పుడు మాట్లాడదాం.

మన కార్యకర్తలతో పేచీ అన్నాను కదా. కొందరు సోదరులు "పట్నం వాళ్లకు మిషన్లతో ప్లాంట్లు, మనకు గడ్డా? ఇది రెండో రకం మర్యాద, భూగర్భ డ్రైనేజీయే అడగాలి" అంటున్నారు. వాళ్ల అనుమానం నాకు అర్థమవుతుంది. రెండు గ్లాసుల హోటలు చూసినవాళ్లం, ఏది రెండోదో పసిగట్టడం మనకు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఇక్కడ వాళ్లు తప్పు. మూడొందల ఇళ్ల ఊళ్లో మిషను పెడితే దానికి రోజూ కరెంటు కావాలి, నడిపే మనిషి కావాలి, మోటారు కాలితే చుట్టించడానికి డబ్బు కావాలి. మంచినీళ్ల మోటారు కాలితేనే మన పంచాయతీలు నెల తీసుకుంటాయి, మురుగు మోటారు కాలితే ఎవడు చూస్తాడు? అప్పుడు ఆ మురుగు ఎక్కడికి వస్తుంది? మిషను ఆగినా వాలు ఆగదు. గడ్డి మడి ఆగిపోవడం కష్టం. అది రెండో రకం అయ్యేది మన పల్లెలో కడితేనే. ఊళ్లో, పెద్దాయన కల్లంలో కడితే మొదటి రకమే.

ఇంకో అన్న అడిగాడు, మనం మనుషులుగా బతకడానికి కొట్లాడుతుంటే జమ్మూ తుంగా అంటావేమయ్యా అని. నేను ఆయన్ని తొలకరి రోజు మా ఇంటికి రమ్మన్నాను.

మొన్న గ్రామసభలో మా సంఘం అర్జీ ఇచ్చింది. నూట పద్నాలుగు సంతకాలు, అందులో అరవై దాకా వేలిముద్రలు. మూడు అడిగాం. మడి తూర్పు కుంటలో కట్టాలి. సబ్‌ప్లాన్ డబ్బు ముట్టుకోకూడదు. మరుగుదొడ్డి పైపులు ముందు తీయాలి. శ్మశానం పక్క స్థలం మాట ఇక ఎత్తకూడదని నోటితో చెప్పాం, కాగితంలో రాయలేదు. రాస్తే అది కూడా బేరంలో ఒక వస్తువు అవుతుందని ముసలామె వద్దంది. ప్రెసిడెంటు గారు తీసుకుని, కుంట హద్దులు తేల్చాలి, సర్వేయరు రావాలి అన్నారు. కుర్ర ఇంజనీరు మాత్రం బైటికి వచ్చాక నా పక్కన నడుస్తూ, "తూర్పు నుంచి కూడా వాలు సరిపోద్ది మాస్టారూ, నిన్న నేనొక్కణ్ణే పోయి లెవెలు చూశాను," అన్నాడు. ఆ మాట కాగితం మీద రాసివ్వమన్నాను. రాసిచ్చాడు. నకళ్లు తీయించి ఒకటి మండలంలో, ఒకటి కలెక్టరాఫీసులో ఇచ్చి రసీదులు తీసుకున్నాం.

సర్వేయరు ఇంకా రాలేదు. కల్లంలో మిరపకాయలు ఆరబోసి వున్నాయి.